ఎన్నారై సందేహాలు: రోడ్డు సైకిలు టైరు ఎక్కడా దొరకనప్పుడు

ప్రశ్న: ఈ దేశానికి వచ్చి కొద్ది నెలలే అయింది. ఆఫీసుకు వెళ్లిరావడానికి ఒకరు వాడిన రోడ్డు సైకిలు కొనుక్కున్నాను. వెనుక టైరు దాదాపు అరిగిపోయింది. ఏ దుకాణంలో అడిగినా ఆ టైరు లేదనీ, ఎప్పుడు వస్తుందో చెప్పలేమనీ అంటున్నారు. ఆన్‌లైనులోనూ అదే పరిస్థితి. ఏం చేయమంటారు?

జవాబు: మీరు వెతుకుతున్నది బహుశా ప్రస్తుతం మీ సైకిలుకు ఉన్న కంపెనీ, అదే మోడలు, అదే వెడల్పు టైరు అయి ఉంటుంది. ఆ పట్టుదలను ముందుగా సడలించుకోండి. కొరత వచ్చినప్పుడు మొదట ఖాళీ అయ్యేవి అందరూ అడిగే కొన్ని మోడళ్లు, వాటిలోనూ 25, 28 మిల్లీమీటర్ల వెడల్పులు. అదే అరలో, మీ చక్రానికి అంతే భద్రంగా సరిపోయే మరో మోడలో, మరో రంగో ఎవరూ అడగక పడి ఉండటం నేను చాలాసార్లు చూశాను. దుకాణదారు మీరు అడిగినదానికే జవాబు చెబుతాడు గనుక, ప్రశ్న మారితే జవాబు కూడా మారుతుంది.

ఈ కొరతలు ఎలా వస్తాయో తెలిస్తే వెతకడం కొంత సులువవుతుంది. పేరున్న రోడ్డు సైకిలు టైర్లు తయారయ్యే చోట్లు ప్రపంచంలో బహు తక్కువ. కాంటినెంటల్ మేలురకం టైర్లు జర్మనీలోని కోర్బాక్‌లోనూ, ష్వాల్బే టైర్లు ఇండోనేసియా, వియత్నాంలలోనూ, విట్టోరియా టైర్లు థాయ్‌లాండ్‌లోనూ, పానారేసర్ టైర్లు జపానులోనూ తయారవుతాయి. 2020లో కరోనా వల్ల కొన్ని కర్మాగారాలు మూతపడిన సమయంలోనే, బస్సులు, రైళ్లు ఎక్కడానికి జంకిన జనం సైకిళ్ల మీద పడ్డారు. ఆ తరువాత ఓడల్లో సరుకు పంపడానికి కంటైనర్లు దొరకలేదు. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే ఓడ సూయజ్ కాలువకు అడ్డంగా ఇరుక్కుని ఆరు రోజులు రాకపోకలను ఆపేసింది. అదే ఏడాది మధ్యలో వియత్నాం దక్షిణ ప్రాంతంలో కర్మాగారాలు మళ్లీ మూతపడ్డాయి. ఇలాంటి దెబ్బ తగిలినప్పుడు ఆయా కర్మాగారాల సరుకే ముందు మాయమవుతుంది తప్ప, అన్ని కంపెనీల టైర్లూ ఒకేసారి అదృశ్యం కావు. కాబట్టి ఒక కంపెనీ టైర్లు లేవంటే, వేరే దేశంలో తయారయ్యే మరో కంపెనీ టైర్లను అడగడం మొదటి పని.

అలా అడగాలంటే కంపెనీ పేరుతో పనిలేని ఒక కొలత మీ దగ్గర ఉండాలి. టైరు పక్కభాగం మీద, రబ్బరులోనే ఉబ్బెత్తుగా, 28-622 అన్న తరహాలో రెండు అంకెలు అచ్చయి ఉంటాయి. దుమ్ము తుడిచి, టార్చి వెలుగు పక్క నుంచి పడేలా పట్టుకుంటే అవి కనిపిస్తాయి. మొదటిది టైరు వెడల్పు. రెండవది టైరు రిమ్ములో కూర్చునే చోట వ్యాసం. రెండూ మిల్లీమీటర్లలోనే ఉంటాయి. మొదటి అంకె విషయంలో కొంత వెసులుబాటు ఉంది. రెండవ అంకె విషయంలో ఒక్క మిల్లీమీటరు కూడా లేదు.

రెండవ అంకె గురించి కొంచెం వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే కొత్తవారు డబ్బు పోగొట్టుకునేది సాధారణంగా ఇక్కడే. ఈనాటి రోడ్డు సైకిళ్లలో అత్యధిక భాగం 622 చక్రాలవే. దీనినే 700సీ అంటారు. జర్మనీ వంటి చోట్ల 28 అంగుళాలంటారు. కొండదారుల సైకిళ్లవారు ఇదే వ్యాసాన్ని 29 అంగుళాలంటారు. అయితే రాడ్ బ్రేకులుండే పాతకాలపు పెద్ద సైకిళ్లకు వేసే 28 అంగుళాల టైరు వ్యాసం 635. పాత రేసింగు సైకిళ్లకు ఉండే 27 అంగుళాల టైరు, పేరులో చిన్నదిగా కనిపించినా, 630 వ్యాసంతో 700సీ కన్నా 8 మిల్లీమీటర్లు పెద్దది. మీరు కొన్నది పాత సైకిలు కనుక ఈ 27 అంగుళాల సంగతి తప్పక సరిచూసుకోండి. 622 టైరు 630 రిమ్ముకు ఎక్కనే ఎక్కదు; 630 టైరు 622 రిమ్ముకు సులువుగానే ఎక్కి, గాలి నింపాక ఊడి వస్తుంది, అది మరింత ప్రమాదం. అంగుళాల లెక్కను పూర్తిగా పక్కన పెట్టి, దుకాణంలోనైనా వెబ్‌సైటులోనైనా 622 అన్న అంకెతోనే అడగండి. ఉచ్చారణ అవతలివారికి అర్థమవుతుందో లేదో అన్న బెరుకుతో కొత్తగా వచ్చినవారు చాలామంది దుకాణాలకు ఫోను చేయరు. అంకెలు చదివి చెప్పడానికి ఆ బెరుకు అక్కరలేదు.

ఇక వెడల్పు. మీకు 25 దొరకకపోతే 23, 28 కూడా చూడవచ్చు, అయితే ఎక్కువ వెడల్పు వైపు వెళ్లేముందు ఫ్రేముకూ ఫోర్కుకూ బ్రేకుకూ టైరుకూ మధ్య ఎంత ఖాళీ ఉందో కొలవాలి. అన్ని వైపులా కనీసం 4 మిల్లీమీటర్లు మిగిలి ఉండాలని నేను చెబుతాను. అంతకన్నా తగ్గితే ఒక చిన్న గులకరాయి ఇరుక్కున్నా, రిమ్ము కాస్త వంకర పోయినా టైరు ఫ్రేముకు రాసుకుంటుంది. రిమ్ము లోపలి వెడల్పు పెరిగేకొద్దీ టైరు తన మీద రాసిన కొలత కన్నా వెడల్పుగా కూర్చుంటుందన్నదీ గుర్తుంచుకోండి. ఖాళీ ఉన్నంత మేరకు వెడల్పు టైరే మంచిదని నా అభిప్రాయం: తక్కువ గాలితో నడుస్తుంది, గతుకుల రోడ్డు మీద చేతులకు హాయిగా ఉంటుంది.

కొరత కాలంలో తొందరపడి కొనకూడనివి రెండున్నాయి. ఒకటి ట్యూబులర్ టైరు. దీనిలో ట్యూబు లోపలే కుట్టి ఉంటుంది, దీనిని ప్రత్యేకమైన రిమ్ముకు జిగురుతో అంటించాలి. పోటీల్లో పాల్గొనేవారు తప్ప ఇతరులు కొనరు గనుక క్లించర్ టైర్లు, అంటే అంచులు రిమ్ములో కూర్చునే మామూలు టైర్లు, అయిపోయినా ఇవి స్టాకులో కనబడుతుంటాయి. మీ రిమ్ముకు ఇవి పనికిరావు. రెండవది హుక్‌లెస్ రిమ్ములకు సంబంధించినది. కొన్ని కొత్త రిమ్ములకు టైరు అంచును పట్టి ఉంచే కొక్కెం లాంటి మడత ఉండదు. వాటికి తయారీదారు అనుమతించిన ట్యూబ్‌లెస్ టైర్లు, అంటే లోపల ట్యూబు అక్కరలేని రకం, మాత్రమే వేయాలి, గాలి ఒత్తిడి 5 బార్, అంటే సుమారు 72 పీఎస్‌ఐ, దాటకూడదు. ఒకే పేరు మీద వచ్చే టైర్లలో కూడా ఈ తేడా ఉంటుంది. 2018లో వచ్చిన కాంటినెంటల్ గ్రాండ్ ప్రీ 5000 మామూలు క్లించర్ హుక్‌లెస్ రిమ్ముకు పనికిరాదు; 2021లో వచ్చిన 5000 ఎస్ టీఆర్ పనికివస్తుంది. మీది పాత సైకిలే అయితే రిమ్ముకు మడత ఉండే ఉంటుంది గానీ, మునుపటి యజమాని చక్రాలు మార్చి ఉండవచ్చు కనుక టైరు విప్పినప్పుడు ఒకసారి చూడండి.

ఇంత తెలిశాక వెతకడం మొదలుపెట్టవచ్చు. టైరు పెట్టె మీద బార్‌కోడు కింద సాధారణంగా 13 అంకెల సంఖ్య ఉంటుంది. పేరుతో వెతికితే కనబడని చిన్న దుకాణాల పేజీలు ఆ సంఖ్యతో వెతికితే బయటపడతాయి, ఎందుకంటే టైరు పేరును ఒక్కొక్కరు ఒక్కో విధంగా రాసినా ఆ సంఖ్యను మార్చి రాయరు. నల్ల టైరు లేనప్పుడు పక్కభాగం గోధుమరంగులో ఉండే రకం తరచుగా దొరుకుతుంది. కొత్త మోడలు లేకపోతే దాని ముందరి తరం అడగండి. నిన్నటిదాకా అందరూ మెచ్చుకున్న టైరు, కొత్తది వచ్చినంత మాత్రాన చెడిపోదు. మడతపెట్టగలిగే టైరు లేకపోతే, అంచులో ఉక్కు తీగ ఉండే రకం అడగండి. బరువు కాస్త ఎక్కువ, అంతే.

ఇంటర్నెట్టు వెతుకులాట కన్నా ఎక్కువ ఫలితమిచ్చేది దుకాణంలోని మెకానిక్‌తో పరిచయం. కొత్త సైకిలు కొన్నవారిలో కొందరు అక్కడికక్కడే ఇంకా మంచి టైర్లు వేయించుకుంటారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన టైర్లు ఒక్క మైలు కూడా తిరగకుండా దుకాణం వెనుక గదిలో వేలాడుతుంటాయి. అవి ఏ వెబ్‌సైటులోనూ కనిపించవు. సైకిలు మీదనుంచి విప్పిన కొత్త టైర్లు ఏమైనా ఉన్నాయా అని అడిగితే చాలు. అలాగే డిస్ట్రిబ్యూటరు దగ్గర ఎప్పుడు రావచ్చని చూపిస్తోందో తన కంప్యూటరులో చూసి చెప్పమనండి, వచ్చే సరుకులో ఒకటి మీ పేరు మీద రాసుకోమనండి. స్థానిక సైకిలు క్లబ్బులో చేరడం కూడా ఇందుకు పనికొస్తుంది. మన తెలుగువారి వాట్సాప్ బృందాల్లో ఇల్లు, బడి, వీసా వంటి విషయాలకు వెంటనే జవాబులు దొరుకుతాయి; టైరు వెడల్పుల సంగతి మాత్రం వారాంతాల్లో వంద కిలోమీటర్లు తొక్కేవారిని అడగడమే మేలు, వారిలో చాలామంది ఇళ్లలో ఒకటో రెండో విడి టైర్లు కూడా ఉంటాయి.

వేరే దేశపు దుకాణం నుంచి తెప్పించుకోవాలనుకుంటే, దిగుమతి సుంకం, పన్ను, కొరియర్ సంస్థ వసూలు చేసే రుసుము కలిపి ఎంతవుతుందో ఆర్డరుకు ముందే లెక్కవేయండి. ఉదాహరణకు బ్రిటన్‌కూ ఐరోపా సమాఖ్యకూ మధ్య 2021 జనవరి 1 నుంచి కస్టమ్స్ ప్రక్రియ మళ్లీ వచ్చింది. అంతకుముందు నేరుగా ఇంటికి వచ్చిన పార్సిళ్లు ఆ తరువాత పన్ను కట్టించుకుని వచ్చాయి. సరిపోని టైరును తిప్పి పంపడం కూడా సరిహద్దు దాటితే పెద్ద తలనొప్పి. ఎవరైనా తెలిసినవారు ప్రయాణం చేస్తుంటే మాత్రం మడత టైరు తీసుకురమ్మని మొహమాటం లేకుండా అడగవచ్చు: మూడు వందల గ్రాముల లోపు బరువు, పెట్టెలో బట్టల మధ్య ఇమిడిపోతుంది.

కొరతతో పాటు నకిలీలూ వస్తాయి. పెద్ద వెబ్‌సైటులోనే అయినా, అమ్మేది ఆ సంస్థా లేక దాని మీద చోటు అద్దెకు తీసుకున్న మరొకరా అన్నది చూడాలి. ఎక్కడా దొరకని టైరు ఒక్కచోట మాత్రం సగం ధరకు దొరుకుతుంటే దాని జోలికి పోవద్దు. పెట్టె లేనంత మాత్రాన నకిలీ అనుకోనక్కరలేదు, సైకిలు కంపెనీలకు పంపే టైర్లకు పెట్టెలుండవు. వాడిన టైర్లయితే పక్కభాగాన్ని వంచి చూడండి. పగుళ్లు గానీ, నూలు పోగులు గానీ కనిపిస్తే వద్దు.

కొత్త టైరు చేతికి వచ్చేదాకా ఉన్నదానితో ఎలా నెట్టుకురావాలన్నది మీకు ఇంకా ముఖ్యం. చాలా టైర్లలో ట్రెడ్ మీద, అంటే రోడ్డుకు తగిలే రబ్బరు మీద, అరుగుదల చూపే రెండు చిన్న గుంటలుంటాయి. అవి కనిపిస్తున్నంత కాలం టైరుకు ప్రాణం ఉన్నట్లే. నడిమి భాగం చదునుగా మారడం అరుగుదలే గానీ వెంటనే పారేయవలసిన కారణం కాదు. రబ్బరు కింది గుడ్డ కనిపించినా, ఒకచోట బుడిపెలా ఉబ్బినా ఇక తొక్కకూడదు. బరువు, తొక్కే బలం రెండూ వెనుక చక్రం మీదే పడతాయి గనుక వెనుక టైరు ముందుదానికన్నా సుమారు రెట్టింపు వేగంతో అరుగుతుంది. అందువల్ల మీకు ఒక్క టైరే దొరికితే దాన్ని ముందు వేసి, ముందున్నదాన్ని వెనక్కి మార్చండి. కొందరు పొదుపు కోసం అరిగిన వెనుక టైరును ముందుకు తెస్తారు. అది ఎప్పుడూ చేయకూడదు. వెనుక టైరు పేలితే సైకిలును ఎలాగో అదుపు చేసి ఆపవచ్చు, ముందు టైరు మలుపులో పేలితే మీరు రోడ్డు మీద ఉంటారు.

టైరుకు కోత పడితే లోపలి నుంచి పాత టైరు ముక్కనో గట్టి ప్లాస్టిక్ ముక్కనో అడ్డుపెట్టి ఇంటికి చేరవచ్చు; రోజూ తిరగడానికి మాత్రం అది చాలదు. ట్యూబులు కూడా దొరకకపోతే, జిగురు రాసి అంటించే ప్యాచ్‌ను సరిగా వేసిన ట్యూబు కొత్తదానిలాగే పనిచేస్తుంది. ఒక కొలత తక్కువ ట్యూబు సాగి సర్దుకుంటుంది. పెద్ద ట్యూబు సన్నటి టైరులో ముడతలు పడి ఇబ్బంది పెడుతుంది. గాలి మాత్రం వారానికొకసారి చూడండి. తక్కువ గాలితో గుంతలో దిగితే ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి రెండు చిల్లులు పడతాయి, టైరు పక్కభాగం కూడా దెబ్బతింటుంది.

ఆఫీసుకు వెళ్లిరావడానికే అయితే, పోటీలకు చేసిన పలుచటి టైరు కోసం ఎదురుచూడటం నాకు అర్థవంతంగా తోచదు. కాంటినెంటల్ గేటర్‌స్కిన్, విట్టోరియా జఫీరో, ష్వాల్బే డురానో వంటివి కాస్త బరువైనా ఎక్కువ కాలం మన్నుతాయి. ఖాళీ ఎక్కువ ఉన్న ఫ్రేము అయితే ష్వాల్బే మారథాన్ కూడా చూడండి.

దొరికినప్పుడు ఒక విడి టైరు అదనంగా కొనుక్కోవడం తప్పు కాదు. నాలుగైదు కొని దాచుకోవద్దు. 2020, 2021 సంవత్సరాల్లో అలా ఆర్డర్లు పెంచుకుంటూ పోయిన దుకాణాలు, డిస్ట్రిబ్యూటర్లు 2023 నాటికి నిండిన గోదాములతో మిగిలి, తగ్గింపు ధరలకు అమ్ముకున్నారు. కొన్న విడి టైరును ఎండ, వేడి తగలని పొడి చోట, గట్టిగా మడతపెట్టకుండా వదులుగా ఉంచండి. మోటార్లు తిరిగే యంత్రాల దగ్గర మాత్రం పెట్టవద్దు. వాటి నుంచి వెలువడే ఓజోన్ వాయువు రబ్బరును పగుళ్లు తీస్తుంది.