ఒకేలెక్క కనబడే ఇంగ్లిష్ మాటలు బట్టీ పట్టాల్నా సార్?

నర్సంపేట దిక్కు నుంచి డిగ్రీ ఫైనలియర్ అమ్మాయి రాసింది. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇప్పుడు హన్మకొండల హాస్టల్‌ల ఉండి ఎస్ఎస్సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) పెట్టే సీహెచ్ఎస్ఎల్ అనే కేంద్ర కొలువుల పరీక్షకు ప్రిపేర్ అయితున్నది. మ్యాథ్స్ మంచిగనే వస్తుందట, ఇంగ్లిష్‌ల ఒక్క అక్షరం తేడా ఉన్న మాటల దగ్గర మార్కులు పోతున్నయట. 500 జంటల పీడీఎఫ్ దొరికింది, అది బట్టీ పట్టాల్నా, లేకపోతే ఎస్ఎస్సీ ఇడిచిపెట్టి గ్రూప్సే చూసుకోవాల్నా అని అడుగుతున్నది.

బిడ్డా, ముందుగాల ఆ పీడీఎఫ్ పక్కకు పెట్టు. రెండు మాటలు పక్కపక్కన పెట్టుకొని ఒకటే రోజు చదివితే రెండూ యాదికుంటయి కానీ ఏది దేనిదో యాదికుండదు, పరీక్ష హాల్ల అదే కొంప ముంచుతది. కల, కళ నీకు ఎవలన్న లిస్టు వేసి నేర్పిర్రా? కల నిద్రల వచ్చింది, కళ పెళ్లిపిల్ల ముఖంల కనబడ్డది, అంతే. ఇంగ్లిష్‌ల కూడా జంటల ఒక్కదాన్నే గట్టిగ పట్టుకో, రెండోది పది రోజులైనంక చూడు.

నీ మెసేజ్‌లనే ఒకటి దొరికింది. మార్కులు పోతున్నయని ఇంగ్లిష్‌ల రాసినవ్ కదా, అండ్ల లూజ్ అనే మాటకు ఓ అక్షరం రెండుసార్లు పెట్టినవ్. తప్పు నీది కాదు, మన ఇండ్లల్ల మాటది. ప్యాంటు లూజయింది అంటం మనం, కానీ ఇంగ్లిష్‌ల వదులు అంటే లూస్, చివరికి స్ అనాలె, రెండు ఓలు. పోగొట్టుకునుడు లూజ్, ఒక్కటే ఓ. మనం ఉల్టా పలుకుతం కాబట్టి చెయ్యి కూడా ఉల్టానే రాస్తది. పోయింది అనేటందుకు లాస్ట్ అంటం చూడు, అండ్ల ఒక్క ఓనే కదా, లూజ్‌కు అదే చుట్టం. అడ్వైస్, అడ్వైజ్ కూడా గిట్లనే, స్ అంటే సలహా, జ్ అంటే సలహా ఇచ్చుడు.

ప్రిన్సిపల్, ప్రిన్సిపుల్ సంగతి ఇంకా మజా ఉంటది, ఎందుకంటే రెండూ ఒకటే తీరు పలుకుతరు, చెవి పనిచెయ్యదు. దీనికి మన 'అసలు' అనే మాట పెట్టి చూడు. అసలు-వడ్డీల అసలు, అసలు కారణం, కాలేజీల అసలు పెద్దమనిషి, ఈ మూడిట్లకు స్పెల్లింగ్ ఒకటే, చివర ఏ, ఎల్. అసలు అతకకపోతే అది సూత్రం, ఆర్కిమెడిస్‌ది లెక్క, దానికి చివర ఎల్, ఈ.

స్టేషనరీకి కథ ఉన్నది. ఎనుకట యూరప్‌ల ఊరూరు తిరిగి అమ్మేటోళ్లు ఎక్కువ, ఒక్క జాగల దుకాణం పెట్టి పుస్తకాలు అమ్మేటాయన్ని స్టేషనర్ అన్నరు. అందుకే కాగితాలు, పెన్నుల స్టేషనరీకి, కాజీపేటల కదలకుండ నిలబడ్డ రైలు స్టేషనరీకి మూలం ఒకటే. దుకాణందాంట్ల ఈ, రైలుదాంట్ల ఏ.

పర్సనల్, పర్సనెల్ అయితే నువ్వు మర్చిపోవద్దు, ఎస్ఎస్సీ ఉన్నదే డిపార్ట్‌మెంట్ ఆఫ్ పర్సనెల్ అండ్ ట్రైనింగ్ కింద. పర్సనెల్ అంటే సిబ్బంది, రెండు ఎన్‌లు. డైరీ, డెయిరీ నీకు చెప్పే పని లేదు, ముల్కనూరు డెయిరీ పాలు తాగినోళ్లం మనం. అఫెక్ట్ మస్తు మటుకు క్రియ, ఎఫెక్ట్ నామవాచకం, కానీ మార్పు తెచ్చుడు అనే అర్థంల ఎఫెక్ట్ కూడా క్రియ అయితది, జెర చూసుకో.

నన్నడిగితే నేను కూడా దెబ్బతిన్నోన్నే. మొదట్ల జనగామల ఆఫీసు పెట్టినప్పుడు పెయింటర్ బోర్డు మీద కౌన్సెలర్ అనే మాటల ఎస్‌కు బదులు సీ, ఈకి బదులు ఐ పెట్టి కౌన్సిలర్ చేసిండు, అంటే సలహాలిచ్చేటోన్ని కాస్తా మున్సిపాలిటీ వార్డు మెంబర్నయిన. ఒకాయన మోరీ సంగతి చెప్పటానికి కూడా వచ్చిండు.

ఇగ గ్రూప్స్ సంగతి. దీని కోసం ఎస్ఎస్సీ ఇడువకు. సీహెచ్ఎస్ఎల్ మొదటి దశ పరీక్ష టైర్-1ల ఇంగ్లిష్ 25 ప్రశ్నలు, 50 మార్కులు, తప్పుకు అర మార్కు కోత, అంటే ఒక్క మాట కాడ తడబడితే రెండున్నర మార్కుల తేడా. మిగతా సబ్జెక్టులు తెలుగుల రాసుకునే వీలు 2023ల వచ్చింది, నీకు అది లాభమే. గ్రూప్-1 మెయిన్స్‌ల కూడా జనరల్ ఇంగ్లిష్ పాస్ కావాల్సిందే, ఇంగ్లిష్ నుంచి ఎటు ఉరుకుతవ్?

పాత పేపర్లు రోజుకొకటి చెయ్యి. తప్పుపోయిన మాట ఒక్కటే నోట్‌బుక్‌ల రాయి, పక్కన మీ ఇంటి ముచ్చటతోని సొంత వాక్యం రాయి. మొదటి పేజీల రెండు ఓల లూస్ పెట్టు. పదిహేను రోజులైనంక ఆ నోట్‌బుక్ ఫొటో తీసి పంపు, చూస్తా.