ఎర్ర బటన్ నొక్కకముందే మొదలయ్యే పరీక్ష

చిరంజీవి అమ్మాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

మ్యూనిక్‌లో టీవీ అప్లికేషన్లను పరీక్షించే బృందంలో చేరావని తెలిసి సంతోషించాను. ఇన్నాళ్లూ వెబ్‌సైట్లను పరీక్షించావు కనుక ఇదీ ఆ కోవలోదే అనుకుంటున్నట్టు నీ ఉత్తరంలో కనిపించింది. హెచ్‌బీబీటీవీ అంటే టీవీ ప్రసారాన్నీ ఇంటర్నెట్‌నూ కలిపే ప్రమాణం, రిమోట్‌లోని ఎర్ర బటన్ నొక్కితే తెర మీద తెరుచుకునే అప్లికేషన్ దాని ప్రకారం తయారైనదే. ఆ అప్లికేషన్ పైకి వెబ్ పేజీలాగే ఉంటుంది. హెచ్‌టీఎమ్‌ఎల్, జావాస్క్రిప్ట్‌లతోనే రాస్తారు. అయితే దాని పుట్టుక, ఆయుష్షు గాలిలో వచ్చే ప్రసార సంకేతం చేతిలో ఉంటాయి, దాని బొమ్మలూ వీడియోలూ మాత్రం ఇంటర్నెట్ దారిన వస్తాయి. హైదరాబాద్‌లో సెట్‌టాప్ బాక్సుల పరీక్షలతో మొదలుపెట్టి, తర్వాత యూరప్ ప్రసార సంస్థల పనులు చేసిన ఇన్నేళ్లలో నేను చూసిన గట్టి లోపాల్లో చాలాభాగం ఈ రెండు దారులు కలిసే చోటే బయటపడ్డాయి. నీ పరీక్షలనూ అక్కడి నుంచే మొదలుపెట్టు.

హెచ్‌బీబీటీవీ ప్రమాణాన్ని యూరప్ టెలికాం ప్రమాణాల సంస్థ ఈటీఎస్‌ఐ 2010లో టీఎస్ 102 796 పేరుతో ప్రచురించింది, అప్పటి నుంచి చాలాసార్లు సవరించారు. దాన్ని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవాలని పెట్టుకోకు. ముందుగా అప్లికేషన్ ఇన్ఫర్మేషన్ టేబుల్, అంటే ఏఐటీ సంగతి, దానితోపాటు అప్లికేషన్ జీవితచక్రం గురించిన అధ్యాయం బాగా పట్టించుకో. ప్రసార ప్రవాహంలో వచ్చే ఈ పట్టిక ఏ అప్లికేషన్ తనంతట తాను మొదలవ్వాలో, ఏది అందుబాటులో మాత్రమే ఉండాలో, నడుస్తున్న దాన్ని ఎప్పుడు ఆపాలో టీవీకి చెబుతుంది. చానల్ మారినప్పుడు టీవీ కొత్త చానల్ పట్టికను చూసి, పాత అప్లికేషన్ సర్వీసుకు, అంటే తన చానల్‌కు, కట్టుబడినదైతే ఆపేయాలి, కట్టుబడనిదై కొత్త పట్టికలోనూ ఉంటే కొనసాగించాలి. చదవడానికి సులువుగా ఉన్న ఈ నియమం దగ్గరే ఒక్కో టీవీ ఒక్కోలా ప్రవర్తిస్తుంది. కాబట్టి ఒకే సంస్థకు చెందిన రెండు చానళ్ల మధ్య, వేరు వేరు సంస్థల చానళ్ల మధ్య, అసలు ఏఐటీ లేని చానల్‌కు వెళ్లి తిరిగి వచ్చేటప్పుడు ఏం జరుగుతుందో విడివిడిగా చూడు. పేజీ సగం లోడయిన క్షణంలో చానల్ మార్చడం కూడా మరచిపోకు, ఇంట్లో జనం చేసేది అదే.

ఇందుకు నీ సొంత ప్రసారం నీ బల్ల మీదే ఉండాలి. డేటాను ప్రసార సంకేతంగా మార్చే ఒక చిన్న మాడ్యులేటర్ కార్డు, ఒక కంప్యూటర్, ప్రవాహాన్ని తయారుచేయడానికీ మార్చడానికీ టీఎస్‌డక్ లాంటి ఉచిత సాధనం ఉంటే చాలు, ఏఐటీని నీకు కావలసినట్టు రాసుకోవచ్చు. మాడ్యులేటర్ నుంచి టీవీకి కేబుల్‌తోనే, మధ్యలో సంకేతం బలాన్ని తగ్గించే అటెన్యుయేటర్ పెట్టి కలుపు. యాంటెన్నా తగిలించి అనుమతి లేకుండా గాలిలోకి ప్రసారం చేయడం చట్టవిరుద్ధం, అది ప్రయోగశాల గది లోపలయినా సరే.

కంప్యూటర్ బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్లు వేసుకుని చేసే పరీక్ష అక్షరదోషాలు పట్టుకోవడానికి పనికొస్తుంది కానీ, దాన్ని ఆమోదానికి ఆధారంగా తీసుకోవద్దు. పాత టీవీలకు 1280 గుణించు 720 గ్రాఫిక్స్ తలం, తక్కువ మెమరీ, నెమ్మది ప్రాసెసర్ ఉంటాయి. చాలావాటిలో ఒకే వీడియో డీకోడర్ ఉంటుంది కనుక, పాత కార్యక్రమాన్ని ఇంటర్నెట్ ద్వారా చూపేముందు అప్లికేషన్ ప్రసార వీడియోను వదిలిపెట్టాలి, ముగిశాక తిరిగి అందుకోవాలి. ఇలా తిరిగి అందుకునే చోట బొమ్మ వచ్చి శబ్దం రాకపోవడం, లేదా తెర నల్లగా మిగిలిపోవడం తరచుగా కనిపిస్తుంది. ప్రేక్షకుడు వీడియో మధ్యలో బయటికి వచ్చినా, నెట్ తెగిపోయినా, ప్రకటన నడుస్తున్నప్పుడు ఎర్ర బటన్ నొక్కినా ప్రత్యక్ష ప్రసారం శబ్దంతో సహా తిరిగి రావాలి. రిమోట్ మీటల విషయంలోనూ ఇలాంటి జాగ్రత్తే అవసరం. అప్లికేషన్ తనకు కావలసిన మీటలనే అడిగి తీసుకోవాలి. అంకెల మీటలను పట్టుకుని వదలకపోతే చానల్ మార్చలేని పెద్దావిడ ఫోన్ చేసేది నీకు కాదు, ప్రసార సంస్థకు.

టీవీల తయారీదారులు నడిపే ప్రమాణ పరీక్షల సమాహారం టీవీని పరీక్షిస్తుంది, నీ అప్లికేషన్‌ను కాదు. ఫలానా టీవీ అన్ని పరీక్షలూ దాటిందని ఎవరైనా నీకు ఊరడింపుగా చెబితే విని ఊరుకో.

ఇక భద్రత. 2014లో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన యోసెఫ్ ఓరెన్, ఏంజెలోస్ కెరొమిటిస్ యూజ్‌నిక్స్ భద్రతా సదస్సులో సమర్పించిన పరిశోధన నువ్వు తప్పక చదవాలి. ప్రసార ప్రవాహంలోనే పంపిన పేజీ తాను ఏ వెబ్ చిరునామాకు చెందినదో తానే చెప్పుకోగలదని, అందువల్ల చవకైన ట్రాన్స్‌మిటర్‌తో అసలు ప్రసారాన్ని మింగేసి తన ప్రవాహాన్ని పంపినవాడు, చుట్టుపక్కల టీవీల్లో మరొక వెబ్‌సైట్ పేరుతో స్క్రిప్టు నడిపించగలడని వాళ్లు వివరించారు. ఆ దాడిలో ఇంటర్నెట్ దారిన దుండగుడి జాడ దాదాపు ఉండదు, అదే దాని బలం. తర్వాత ప్రసార సంకేతాలకు సంతకం చేసే పద్ధతిని ప్రమాణాల్లో చేర్చారు కానీ, ఇళ్లలో ఉన్న టీవీలన్నీ దాన్ని పరిశీలిస్తాయని నమ్మి కూర్చోలేం. అందుచేత నీ బల్ల మీది మాడ్యులేటర్‌తో నీ అప్లికేషన్ పేరునే దొంగిలించిన ఏఐటీని పంపి చూడు. అలా వచ్చిన అబద్ధపు పేజీకి నీ సర్వర్ ఏ కుకీలు అందిస్తుంది, ఏ సేవలు ఇస్తుంది అన్నది గమనించు. టీవీని మార్చడం నీ చేతిలో లేదు, సర్వర్ ఎవరిని నమ్మాలన్నది మాత్రం మీ బృందం చేతిలోనే ఉంది.

గోప్యత పరీక్ష ఎర్ర బటన్ నొక్కకముందే మొదలవ్వాలి. తనంతట తాను మొదలయ్యే అప్లికేషన్ తెర మీద చిన్న గుర్తు చూపించే లోపే సర్వర్‌తో మాట్లాడి ఉంటుంది. డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లోనే దీన్ని జర్మన్ చానళ్ల మీద చూపించారు. టీవీకి, రౌటర్‌కు మధ్య నెట్‌వర్క్ రాకపోకలను చూపే వైర్‌షార్క్ పెట్టి, ఎవరూ ఏమీ నొక్కని ఒక గంటసేపు ఏ చిరునామాలకు ఏమేం వెళ్తున్నాయో రాసుకో. సమ్మతి తెరపై ‘వద్దు’ అని ఎంచుకున్న తర్వాతా అదే గంట మళ్లీ నడుపు. ఈ రెండు పట్టికలు పక్కపక్కన పెడితే మీ న్యాయవిభాగానికి వేరే వివరణ అక్కర్లేదు.

సైటు అసలైనదేనని టీవీకి రుజువుచేసే సర్టిఫికెట్ల గడువు కూడా చూసుకో. 2021 సెప్టెంబర్ 30న డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 అనే మూల సర్టిఫికెట్ గడువు ముగిసినప్పుడు, సాఫ్ట్‌వేర్ నవీకరణ అందని పాత పరికరాలెన్నో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికెట్లు వాడే సైట్లను తెరవలేకపోయాయి. టీవీని జనం పదేళ్లు వాడతారు. పాత టీవీ కోసం హెచ్‌టీటీపీఎస్ వదిలేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. ఆ టీవీ నమ్మే మరో సర్టిఫికెట్ గొలుసు దొరుకుతుందేమో ముందు వెతకమను.

నివేదిక రాసేటప్పుడు టీవీ మోడల్, ఫర్మ్‌వేర్ సంఖ్య, టీవీ తనను తాను సర్వర్‌కు పరిచయం చేసుకునే యూజర్ ఏజెంట్ వాక్యం మొత్తం, లోపం కనిపించిన క్షణానికి ముందూ వెనకా రికార్డు చేసిన ప్రసార ప్రవాహం జతచేయి. ఆ రికార్డు లేకపోతే ‘మా దగ్గర రావడం లేదు’ అన్న ఒక్క వాక్యంతో ఫిర్యాదు తిరిగి వస్తుంది, నీ దగ్గర వాదించడానికి ఏమీ ఉండదు.

ఇట్లు,
మీ పెద్దనాన్న