సీ మానేసి జావాకు వెళ్తే కోడ్ బాగుపడుతుందా?

ప్రశ్న: మాది బంగారుపాళెం. మా వాడు తిరుపతిలో బీటెక్ సీఎస్ఈ మొదటి సంవత్సరం. ప్రోగ్రాములు రన్ అవుతున్నా, 'కోడ్ చదవలేకపోతున్నాం' అని ల్యాబ్‌లో మార్కులు తగ్గిస్తున్నారట. సీ భాష పాత పద్ధతి కాబట్టే ఇలా ఉందని, ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ నేర్చుకుంటే సరిపోతుందని జావా భాష కోచింగ్‌కు ఫీజు అడుగుతున్నాడు. కట్టమంటారా? ఒక ప్రోగ్రాము పంపుతున్నాను.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ఇప్పుడే కట్టొద్దు. మీవాడి ప్రోగ్రాము పూర్తిగా చదివాను. మామిడి మండీ లెక్క. బరువు, టన్ను రేటు ఇస్తే తరుగు పోను రైతుకు ఎంత రావాలో చెబుతుంది. ఊళ్లో చూసిన లెక్కనే ప్రోగ్రాము చేశాడు, నాకు చాలా నచ్చింది. కానీ మొత్తం, ప్రోగ్రాము మొదలయ్యే మెయిన్ అనే ఒక్క భాగంలోనే ఉంది. తోతాపురి, నీలం, బేనీషా మూడింటికీ అవే నాలుగు లైన్లు మూడుసార్లు కాపీ చేశాడు. అంకెలు దాచే వేరియబుల్స్ పేర్లు ఎ, బి, బి1.

తరుగు 5 శాతం నుంచి 4కు మారిందనుకోండి. రెండుచోట్ల దిద్ది నీలం దగ్గర మరిచిపోతే, టన్ను 12,000 లెక్కన పది టన్నులు తెచ్చిన నీలం రైతుకు 1,15,200 బదులు 1,14,000 వస్తుంది. ప్రోగ్రాము మాత్రం ఏ ఎర్రర్ చూపకుండా రన్ అవుతుంది. మార్కులు తగ్గించింది ఇందుకే.

ఇదే జావాలో రాస్తే? జావాలో మామూలుగా ఏది రాసినా క్లాసులోనే (డేటానూ దానిపై చేసే పనులనూ కలిపి పెట్టే మూట, ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ అంటే ఇదే) రాస్తారు కాబట్టి ఒక క్లాసు పెట్టి, ఆ మెయిన్‌నే తెచ్చి అందులో పడేస్తాడు. కాపీ చేసిన లైన్లు అలాగే ఉంటాయి. మూడో సంవత్సరం పిల్లల కోడ్‌లోనూ ఇది చూస్తుంటాను. దీనికి వ్యతిరేకమైన తప్పూ ఉంది: ముప్పై లైన్ల పనికి ఏడు క్లాసులు పెడతారు, చదివేవాళ్లు ఫైలు ఫైలూ తిరగాలి.

ప్రోగ్రామును ఒకచోటి నుంచి మరోచోటికి దూకించే 'గోటూ' వల్ల అది చిక్కుపడిపోతుందని కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1968లోనే రాశారు. 1972 నాటి సీలో అది ఇంకా ఉంది. 1995లో వచ్చిన జావాలో ఆ మాటను రిజర్వ్ చేసి, వాడకుండా ఆపేశారు. ఇలా భాష కొన్ని తప్పులకు అడ్డు పడగలదు. కాపీ పేస్టుకు, అర్థంకాని పేరున్న వేరియబుల్‌కు ఏ పారడైమూ (ప్రోగ్రాము రాసే పద్ధతీ) అడ్డు పడదు.

ప్రోగ్రాములు రాసే మరో పద్ధతి అయిన ఫంక్షనల్‌లో ఒక మంచి అలవాటుంది. ఫంక్షన్‌కు, అంటే పేరుపెట్టి విడిగా రాసిన పనికి, కావలసినవన్నీ బయటి నుంచి ఇస్తారు, అది జవాబు తిరిగిస్తుంది, మరి దేన్నీ మార్చదు. దీనికి సీ చాలు. బరువు, రేటు, తరుగు శాతం తీసుకుని రావాల్సిన డబ్బు తిరిగిచ్చే ఒక్క ఫంక్షన్ రాయమనండి. అందులో తెరపై చూపే ప్రింట్‌ఎఫ్ ఉండకూడదు, ఫంక్షన్ బయట ఉండే గ్లోబల్ వేరియబుల్ ముట్టకూడదు. మూడు రకాలకూ దాన్నే పిలవాలి. పేర్లు బరువు, రేటు అని చదవగానే తెలిసేలా ఉండాలి.

తర్వాత ఆ కోడ్ రూమ్‌మేట్‌కు ఇచ్చి నాలుగో రకం మామిడి చేర్చమనాలి. మీవాడు పక్కనే కూర్చోవాలి, నోరు మెదపకూడదు. రూమ్‌మేట్ ఎక్కడ ఆగిపోతే అక్కడ మీవాడు దిద్దుకోవాలి.

క్యాంపస్ ఇంటర్వ్యూల్లో ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం లాంటి ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ విషయాలు అడుగుతారు, జావా తప్పక నేర్చుకోవాలి. రైతుకిచ్చిన అడ్వాన్సు, లారీ బాడుగ, బకాయిలు కూడా ఈ లెక్కలోకి తెచ్చే రోజున రైతుకొక క్లాసు ఎందుకు కావాలో వాడికే తెలుస్తుంది. జావా అప్పుడు మొదలుపెట్టమనండి. ఈలోగా దిద్దిన సీ ప్రోగ్రాము నాకు పంపమనండి, చదువుతాను.