వీసెంటర్‌ను కొత్త సర్వరుకు మార్చే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

మీ సంస్థలో 7.0 వెర్షన్ మీద నడుస్తున్న వీఎంవేర్ వీసెంటర్‌ను (వర్చువల్ మెషీన్లనూ వాటిని నడిపే సర్వర్లనూ ఒకచోటి నుంచి నిర్వహించే సాఫ్ట్‌వేర్) 8.0కి, కొత్త సర్వరు మీదికి మార్చే బాధ్యత నీకు అప్పగించారని, వచ్చే శనివారం రాత్రే పని ముగించాలనుకుంటున్నావని రాశావు. 7.0కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 2తో ముగిసింది కాబట్టి మార్పు తప్పదన్న మాట నిజమే. అయినా మరో రెండు వారాల గడువు అడుగు. ఆ రాత్రి చేసేది కొన్ని గంటల పని; దానికి ముందు తేల్చుకోవలసినవే ఎక్కువ.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: పాత వీసెంటర్ గుర్తింపును కొత్తదానికి మోసుకెళ్తావా, లేక ఖాళీగా కొత్తది పెట్టి హోస్టులను, అంటే వర్చువల్ మెషీన్లను నడిపే సర్వర్లను, ఒక్కొక్కటిగా చేర్చుకుంటావా? రెండో దారిలో పాత చెత్తంతా వదిలిపోతుందని నీ మిత్రులు చెప్పినట్టున్నారు. మూడు హోస్టులున్న చిన్న కార్యాలయానికైతే నేనూ అదే చెప్పేవాణ్ణి. కానీ ప్రతి వర్చువల్ మెషీనుకూ (సర్వరు లోపల సాఫ్ట్‌వేర్‌తో ఏర్పడే కంప్యూటరుకు) వీసెంటర్ లోపల ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు సాధారణంగా మెషీన్‌ను పేరుతో కాక ఆ సంఖ్యతోనే గుర్తుపడతాయి. కొత్త వీసెంటర్ కొత్త సంఖ్యలు ఇస్తుంది కనుక, మరుసటి రాత్రి బ్యాకప్ సర్వరు మీ మెషీన్లన్నిటినీ ఎన్నడూ చూడనివిగా భావించి మొదటి నుంచి పూర్తి బ్యాకప్ తీయడం మొదలుపెడుతుంది, దానికి సరిపడా స్టోరేజీ మీ దగ్గర ఉండకపోవచ్చు. ఫోల్డర్లు, అనుమతులు, ట్యాగులు, క్లస్టరు (హోస్టుల గుంపు) నియమాలు కూడా మళ్లీ కట్టుకోవాలి. హోస్టులన్నిటికీ ఉమ్మడి నెట్‌వర్క్ అమరిక అయిన డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్‌ను విడిగా ఎగుమతి చేసి తెచ్చుకోవాలి. మీకున్నన్ని హోస్టులకు అది లాభసాటి బేరం కాదు. ఇన్‌స్టాలర్‌లో ఉన్న అప్‌గ్రేడ్ దారినే పట్టు.

ఆ దారిలో పని రెండు దశల్లో నడుస్తుంది. మొదటి దశలో తాత్కాలిక ఐపీతో కొత్త అప్లయన్స్ (వీసెంటర్ నడిచే వర్చువల్ మెషీను) ఏర్పడుతుంది. రెండో దశలో పాతదాని సమాచారం దానిలోకి చేరాక, పాతది ఆగిపోయి, దాని పేరూ ఐపీ కొత్తదానికి వస్తాయి. అందువల్ల పేరు విషయంలో ఏ లోపమూ ఉండకూడదు. పేర్లకు ఐపీలు చెప్పే డీఎన్ఎస్‌లో పేరు నుంచి ఐపీకీ, ఐపీ నుంచి పేరుకూ రెండు వైపులా సరైన జవాబు వస్తోందో లేదో చూడు. పాత అప్లయన్స్, హోస్టులు, డొమైన్ కంట్రోలరు (సంస్థ ఖాతాలను చూసే సర్వరు) ఒకే సమయం చూపుతున్నాయో లేదో సరిచూడు. పాత అప్లయన్స్ రూట్ (ప్రధాన నిర్వాహక ఖాతా) పాస్‌వర్డ్ గడువు తీరిపోయి, ఆ సంగతి అర్ధరాత్రి పూట బయటపడటం చాలా చోట్ల జరిగే ముచ్చటే.

సర్టిఫికెట్ల సంగతి కాస్త నిదానంగా చూడు. లాగిన్‌కు ఆధారమైన ఎస్‌టీఎస్ సర్టిఫికెట్ గడువు ముగిస్తే ఎవరూ లోపలికి రాలేరు, అప్‌గ్రేడూ సాగదు. 6.5 కాలంలో స్థాపించినవాటిలో కొన్నిటికి ఈ సర్టిఫికెట్ రెండేళ్ల గడువుతోనే వచ్చింది. మీది ఎప్పటి నుంచి వరుసగా పెంచుకుంటూ వచ్చారో పాత రికార్డుల్లో వెతికి, గడువు తేదీని ఈ వారమే రాసిపెట్టుకో. అలాగే నీవు ఎంచుకునే 8.0 బిల్డు (విడుదలైన ఒక్కో ప్రతి) మీ 7.0 ప్యాచ్ కన్నా తరువాత విడుదలైనదై ఉండాలి. సంఖ్య పెద్దదైనా విడుదల తేదీ ముందుదైతే ఆ అప్‌గ్రేడ్‌కు మద్దతు ఉండదు.

ముందు వీసెంటర్, ఆ తరువాతే హోస్టులు. ఈ వరుస మార్చవద్దు. ఈఎస్ఎక్స్ఐ (హోస్టు మీద నడిచే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్) 6.5తో మిగిలిపోయిన హోస్టు ఏదైనా ఉంటే 8.0 దాన్ని నిర్వహించదు. బ్యాకప్, పర్యవేక్షణ వంటి సాఫ్ట్‌వేర్లు 8.0కి మద్దతిచ్చే వెర్షన్‌లో ఉన్నాయో లేదో, లేకుంటే ముందు వాటినే పెంచాలో తేల్చు. 7 లైసెన్సు కీలు 8కి చెల్లవు. కొత్త కీ లేకుండా వాడి చూసే మూల్యాంకన గడువు 60 రోజులు ఉంటుంది కనుక ఆ రాత్రికి ఇబ్బంది లేదు గానీ, కొనుగోలు విభాగానికి ఉత్తరం ఇప్పుడే పంపు.

పై అధికారులు తప్పక అడిగే ప్రశ్న, పని జరుగుతున్నంతసేపు సేవలు ఆగుతాయా అని. పెత్తందారు కాసేపు లేచి వెళ్లినంత మాత్రాన పనివాళ్లు పని మానరు: వర్చువల్ మెషీన్లు నడుస్తూనే ఉంటాయి, హోస్టు పడిపోతే వాటిని మరోచోట లేపే హెచ్‌ఏ కూడా పనిచేస్తుంది. నడుస్తున్న మెషీన్‌ను మరో హోస్టుకు మార్చే వీమోషన్, హోస్టుల మధ్య భారాన్ని సర్దే డీఆర్ఎస్ మాత్రం ఆగుతాయి, బ్యాకప్ పనులు విఫలమవుతాయి. డీఆర్ఎస్‌ను ముందే మాన్యువల్‌లో పెట్టి, ఆ రాత్రి బ్యాకప్ షెడ్యూలు నిలిపివెయ్యి. పాత అప్లయన్స్, కొత్తది ఏ హోస్టుల మీద ఉన్నాయో కాగితం మీద రాసుకో. వీసెంటర్ లేనప్పుడు నేరుగా హోస్టులోకే లాగిన్ కావలసి వస్తుంది.

వెనక్కి రావలసి వస్తే ఏం చేయాలో కూడా ముందే రాసుకో. పాత అప్లయన్స్ నిర్వహణ పేజీ (5480 పోర్టు) నుంచి ఫైలు బ్యాకప్ తీసి, అదే బిల్డు ఐఎస్ఓను (ఇన్‌స్టాల్ ఫైలు) పక్కన దాచిపెట్టు. ఆ బ్యాకప్ మరో బిల్డు మీద తిరిగి నిలబడదు. తరువాత పాత అప్లయన్స్‌ను ఆపి స్నాప్‌షాట్ (ఆ క్షణపు స్థితి ప్రతి) తియ్యి. లింక్డ్ మోడ్‌లో, అంటే దీనితో జతపడి, రెండో వీసెంటర్ ఉంటే రెండింటినీ ఒకేసారి ఆపి తీయాలి. వెనక్కి వస్తే కొత్తదాన్ని ఆపి పాతదాన్ని లేపడమే, కానీ డొమైన్‌లో మళ్లీ చేరాల్సి రావచ్చు, హోస్టులను తిరిగి కలుపుకోవాల్సి రావచ్చు. డొమైన్, హోస్టు ఖాతాల పాస్‌వర్డులు దగ్గర ఉంచుకో. కొత్తదాని మీద మార్పులు మొదలయ్యాక వెనక్కి రావడం రోజురోజుకూ కష్టమవుతుంది, కాబట్టి ఆదివారం మధ్యాహ్నానికల్లా నిర్ణయం తీసుకోవాలి. అది ఎవరు తీసుకుంటారో ముందే పేరు రాసిపెట్టు.

పని అయ్యాక పాత అప్లయన్స్‌ను వెంటనే చెరిపివేయకు. దాని నెట్‌వర్క్ కార్డు పవర్ ఆన్‌లో తనంతట తాను కలవకుండా టిక్ తీసేసి, పేరు చివర 'పాతది' అని చేర్చు. ఎవరైనా పొరపాటున లేపినా ఒకే ఐపీ రెండు చోట్ల ఉండదు. వారపు పూర్తి బ్యాకప్ ఒకసారి సవ్యంగా ముగిసి, అందులోంచి ఒక మెషీన్‌ను తిరిగి లేపి చూశాక దాన్ని తొలగించవచ్చు.

ఇట్లు,
నీ పెదనాన్న