దుబాయ్‌లో వదిలేసి వచ్చిన అప్పుకు బెంగళూరు ఫ్లాటు జప్తు చేస్తారా?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా. 2012 నుంచి దుబాయ్‌లో సైట్ ఇంజనీరుగా పనిచేశాను. అక్కడి బ్యాంకులో లక్షా నలభై వేల దిర్హాముల పర్సనల్ లోన్ తీసుకున్నాను. 2019లో కంపెనీ ఐదు నెలల జీతం ఎగ్గొట్టి మూతపడింది. అప్పుడు నా భార్యకు ఏడో నెల. గత్యంతరం లేక నవంబరులో వచ్చేశాను. ఇప్పుడు మారతహళ్లిలో సొంత ఫ్లాటులో ఉంటున్నాం. రెండు నెలల కిందట ఇక్కడి సిటీ సివిల్ కోర్టు నుంచి నోటీసు వచ్చింది. కన్నడలో ఉండడంతో అర్థం కాక పక్కన పెట్టాను. జతచేసిన ఇంగ్లీషు కాగితం ప్రకారం 2021లో దుబాయ్ కోర్టు నాపై తీర్పు ఇచ్చింది. ఫ్లాటును నా భార్య పేరున గిఫ్ట్ డీడ్ చేసేయమని మా బావమరిది అంటున్నాడు. మోసపోయింది నేను కదా సార్, కోర్టు ఆ మాట వినదా? - ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: వినదు. జీతం ఎగ్గొట్టింది కంపెనీ, మీ మీదికి వచ్చింది బ్యాంకు. ఆ రెండింటికీ సంబంధం లేదు. మీ ఉత్తరంలో కేసును తేల్చే మాట ఒక్కటే ఉంది, దాన్ని మీరు మాటవరసకు రాసేశారు: 'నవంబరులో వచ్చేశాను.'

దుబాయ్ తీర్పు ఇక్కడ చెల్లదని ఎవరైనా ధైర్యం చెబితే నమ్మకండి. 2020 జనవరి 17న కేంద్రం యూఏఈని సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 44ఏ కింద నోటిఫై చేసింది. అప్పటి నుంచి దుబాయ్ కోర్టు డిక్రీని (అంటే తీర్పు ప్రకారం ఇచ్చే ఉత్తర్వును) ఇక్కడి డిక్రీలాగే నేరుగా అమలుకు పెట్టవచ్చు, మళ్లీ దావా వేయనక్కర్లేదు. అయితే సెక్షన్ 13 కొన్ని మినహాయింపులు ఇచ్చింది. సహజ న్యాయానికి విరుద్ధంగా, అంటే ప్రతివాదికి తన మాట చెప్పుకునే అవకాశమే ఇవ్వకుండా వచ్చిన తీర్పు, కేసు బాగోగులు చూడకుండా ఇచ్చిన తీర్పు ఇక్కడ నిలబడవు. వాది సాక్ష్యాన్ని పరిశీలించకుండా, ప్రతివాది రాలేదన్న ఒక్క కారణంతో ఇచ్చిన ఎక్స్‌పార్టీ డిక్రీ రెండో కోవలోకి వస్తుందని 2001లో సుప్రీంకోర్టు ఇంటర్నేషనల్ వూలెన్ మిల్స్ కేసులో చెప్పింది.

కాబట్టి అసలు ప్రశ్న ఇది: బ్యాంకు కేసు వేసిన రోజు మీరు ఎక్కడున్నారు, సమన్లు ఎక్కడికి వెళ్లాయి? దుబాయ్‌లో మీరు ఖాళీ చేసిన ఫ్లాటుకు వెళ్లి ఉంటే మీకు బలమైన వాదన ఉంది. కానీ అక్కడి కోర్టులు సమన్లను ఈమెయిల్, ఎస్సెమ్మెస్ ద్వారా కూడా పంపుతాయి. ఆ సిమ్‌ను ఇక్కడికొచ్చాక కూడా రోమింగులో వాడారా? ఆ ఈమెయిల్ ఇంకా వాడుతున్నారా? నిజం మీ వకీలుకు ముందే చెప్పండి. లోన్ ఒప్పందంలో 'దుబాయ్ కోర్టుల అధికార పరిధికి ఒప్పుకుంటున్నాను' అన్న వాక్యం ఉంటే, దుబాయ్ వదిలి వచ్చేసిన మీపై ఆ కోర్టుకు పరిధి లేదనే వాదన పోయినట్టే.

మీ పాత పాస్‌పోర్టు పారేయలేదని ఆశిస్తాను. మూల కత్తిరించి తిరిగిచ్చిన ఆ పుస్తకంలో దుబాయ్ నుంచి బయటపడ్డ ముద్ర, బెంగళూరులో దిగిన ముద్ర ఉన్నాయేమో చూడండి. మీరు చెప్పుకునే కష్టాలన్నిటి కంటే ఆ రెండు ముద్రలకే కోర్టులో విలువ. దాంతోపాటు వీసా క్యాన్సిలేషన్ కాగితం, ఇల్లు ఖాళీ చేసిన రుజువు వెతకండి.

ఇక కాలపరిమితి. మన డిక్రీలకు ఉన్న 12 ఏళ్ల లెక్క ఇక్కడ పనిచేయదు. 2020 మార్చిలో సుప్రీంకోర్టు బ్యాంక్ ఆఫ్ బరోడా కేసులో చెప్పిన ప్రకారం డిక్రీ ఇచ్చిన దేశపు పరిమితి చట్టమే వర్తిస్తుంది. బ్యాంకు ముందు అక్కడే అమలుకు ప్రయత్నించి పూర్తిగా వసూలు కాకపోతే, ఆ ప్రొసీడింగ్స్ ముగిసిన నాటి నుంచి 3 ఏళ్లలోపు ఇక్కడికి రావాలి. డిక్రీ సొమ్ములో ఎంత వసూలైందో చెప్పే సర్టిఫికెట్‌ను దుబాయ్ కోర్టు నుంచి తెచ్చి పిటిషన్‌తో జతచేయాలి. అది ఉందా, అక్కడి అమలు ఎప్పుడు ముగిసింది? మీ వకీలు మొదట చూడాల్సింది ఇదే.

మీ బావమరిది సలహా విన్నారంటే మునుగుతారు. అప్పులవాళ్లకు ఎగ్గొట్టడానికి చేసిన బదిలీని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 53 కింద రద్దు చేయించవచ్చు. అంతకంటే ప్రమాదం ఇంకోటుంది. మామూలుగా అప్పు కట్టలేని మనిషిని సివిల్ జైలుకు పంపడం కష్టం. కానీ దావా పడ్డాక దురుద్దేశంతో ఆస్తి దాటించినవాణ్ని పంపడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 51 దారి ఇస్తుంది. గిఫ్ట్ డీడ్ రాస్తే, బ్యాంకు చేతిలో లేని ఆయుధాన్ని మీరే రిజిస్ట్రేషన్ చేయించి ఇచ్చినట్టు.

రెండు నెలలు నోటీసు పక్కన పెట్టడం ఏమిటండీ? మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ను అడిగినా కన్నడ చదివి చెప్పేవాడు. దుబాయ్‌లో సమన్లు అందలేదన్న మనిషి, ఇక్కడ అందిన నోటీసునూ పట్టించుకోలేదంటే జడ్జి ఏమనుకుంటారు?

రేపే ఈకోర్ట్స్ సైటులో కేసు నంబరు కొట్టి వాయిదా ఎప్పుడో, జప్తు ఉత్తర్వు ఏదైనా వచ్చిందో చూడండి. వకాలత్ వేయించి, అదే కోడ్ సెక్షన్ 47, సెక్షన్ 44ఏ(3) కింద అభ్యంతరాలు దాఖలు చేయించండి. ఇప్పటికే మిమ్మల్ని ఎక్స్‌పార్టీ చేసి ఉంటే ఆ ఉత్తర్వు రద్దుకు వెంటనే పిటిషన్ వేయాలి. దుబాయ్ కోర్టు రికార్డులో సమన్ల కాగితాల సర్టిఫైడ్ కాపీ కోసం అక్కడి లాయరును పెట్టుకోండి. ఖర్చవుతుంది, అయినా మీ కేసంతా దానిమీదే ఉంది.

రాజీకి వెళ్లాలనుకుంటే బ్యాంకు పక్షాన కోర్టులో హాజరైన వకీలుతోనే మాట్లాడండి. ఫోన్ చేసి 'ఇంత కొట్టండి, ఫైల్ క్లోజ్ చేస్తాం' అనే ఏజెంటు ఖాతాకు రూపాయి వేయకండి. డబ్బు కట్టిన రోజే ఇక్కడి పిటిషన్ ఉపసంహరణ మెమో, దుబాయ్ ఫైలు మూసివేత లేఖ రెండూ చేతికి రావాలి. అవి వచ్చేవరకు దుబాయ్ మీదుగా కనెక్టింగ్ ఫ్లైటు కూడా బుక్ చేసుకోకండి.