జార్జియా మారింది అట్లాంటా నగరంలో కాదు, శివార్లలో

2020 అమెరికా అధ్యక్ష ఎన్నికలో జార్జియా రాష్ట్రం డెమోక్రాట్ అభ్యర్థి బైడెన్‌కు దక్కడం అట్లాంటా నగరం చలవేనా అని కొందరు నన్ను అడిగారు. కాదనే నా గట్టి అభిప్రాయం. నగరం 2016లోనూ డెమోక్రాట్లకే వేసింది, అయినా ఆ ఏడాది ట్రంప్ రెండు లక్షల పైచిలుకు ఆధిక్యంతో రాష్ట్రాన్ని గెలుచుకున్నారు. మారినవి శివారు కౌంటీలు, అంటే మన జిల్లాల్లాంటివి. మేముండే గ్విన్నెట్ కౌంటీ 2012లో రిపబ్లికన్ అభ్యర్థి రామ్నీ వైపు నిలిచింది. 2016లో హిల్లరీ క్లింటన్‌కు సుమారు 19 వేల ఆధిక్యం ఇచ్చింది. 2020లో బైడెన్‌కు ఆ ఆధిక్యం 75 వేలు దాటింది. రాష్ట్రం మొత్తం మీద ఆయన గెలిచింది కేవలం 11,779 ఓట్లతో.

పౌరసత్వం వచ్చాక అధ్యక్ష ఎన్నికలో నేను వేసిన మొదటి ఓటు ఆ 2020 ఓటే. ముందస్తు పోలింగ్ మొదలైన అక్టోబరు 12న పొద్దున్నే వెళ్లి నిలబడితే, లోపలికి అడుగుపెట్టేసరికి మధ్యాహ్నం దాటింది. నా ముందున్న నల్లజాతి పెద్దావిడ మడత కుర్చీ వెంట తెచ్చుకున్నారు. వరుస కదిలినప్పుడల్లా దాన్ని ఎత్తుకుని నాలుగడుగులు వేసి మళ్లీ కూర్చునేవారు తప్ప, ఇంటికి వెళ్లిపోదామన్న మాట ఆమె నోట రాలేదు. లోపల తెర మీద పేరు తాకినంత మాత్రాన ఓటు పడిపోదు. మనం ఎంచుకున్న పేర్లు కాగితం మీద అచ్చై వస్తాయి, దాన్ని చదువుకుని మనమే స్కానర్‌లో పెట్టాలి. నేను రెండుసార్లు చదివి పెట్టాను.

అందుకే, రాత్రికి రాత్రి ఓట్లు మార్చేశారంటూ బంధువులు సందేశాలు పంపినప్పుడు మనసు కష్టపెట్టుకున్నాను. తపాలా ఓట్ల లెక్కింపు సాగేకొద్దీ ట్రంప్ ఆధిక్యం తగ్గుతూ వచ్చి, నవంబరు 6 తెల్లవారుజామున బైడెన్ ముందుకు వెళ్లారు. ఆ తరువాత దాదాపు 50 లక్షల కాగితాలను చేత్తో లెక్కించినా విజేత మారలేదు. ఆ ఫలితాన్ని ధ్రువీకరించిన, రాష్ట్రంలో ఎన్నికల బాధ్యత చూసే రాష్ట్ర కార్యదర్శి బ్రాడ్ రాఫెన్స్‌పర్గర్ ట్రంప్ పార్టీ అయిన రిపబ్లికన్ పార్టీవారే.

రాష్ట్రాన్ని మన తెలుగువాళ్లే తిప్పారని చెప్పుకోవడం కూడా నాకు నచ్చదు. మనవాళ్లు ఎక్కువగా స్థిరపడిన ఫోర్సైత్ కౌంటీలో ఆ ఏడాది సుమారు మూడింట రెండు వంతుల ఓట్లు ట్రంప్‌కే పడ్డాయి. అంతకంటే నన్ను బాధించేది, ఆంధ్ర ఎన్నికల గురించి గంటల తరబడి వాదించే మిత్రులు కొందరు, పౌరసత్వం వచ్చి ఏళ్లు గడిచినా ఇక్కడ ఓటరుగా పేరైనా నమోదు చేసుకోకపోవడం.