అక్కకు చేసిన ఆ ఒక్క ఫోన్

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మావారికి రెండు రొయ్యల చెరువులున్నాయి. పెళ్లయి పదకొండేళ్లయినా సరదాగా రెండు రోజులు ఎక్కడికీ వెళ్లింది లేదు. డిసెంబర్‌లో ఒక చెరువు పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాక, శని ఆదివారాలు విశాఖపట్నం వెళదామని ఆయనే అన్నారు. మా అక్కావాళ్లు అక్కడే ఉంటారు. అయినా వాళ్లింటికి వద్దని, సముద్రం కనిపించే గది అని రాత్రికి 4,800 చొప్పున ఆన్‌లైన్‌లో ముందే కట్టేశారు. తీరా వెళ్లి కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ గోడ, కింద జనరేటర్ మోత. దుప్పట్ల మీద మరకలు. గీజర్ పని చేయదు, చలికి పిల్లలు స్నానం చేయమని ఏడుపు. అడగండి అంటే 'రెండు రాత్రులే కదా, సర్దుకో' అన్నారు. నేనే కిందికి దిగి రిసెప్షన్‌లో నిలదీశాను. ఫలితం లేదు. తెల్లారి అక్కకు ఫోన్ చేస్తే బావగారు వచ్చి మమ్మల్ని ఇంటికి తీసుకెళ్లిపోయారు. అక్కడ కాఫీ తాగుతూ 'ఏమోయ్ తమ్ముడూ, సముద్రం బాగా కనిపించిందా?' అని నవ్వారు. ఆరోజు నుంచి మావారు నాతో మాట్లాడటం లేదు. ఏం కావాలన్నా పిల్లల చేత చెప్పిస్తున్నారు. సంక్రాంతికి పాలకొల్లులో మా పుట్టింటికి రానంటున్నారు. 'బంగారం లాంటి ఇల్లుండగా ఊళ్లు పట్టుకు తిరిగితే ఇంతే' అని అత్తగారు. నేను చేసిన తప్పేంటి? క్షమాపణ చెప్పాలా?

జవాబు: రిసెప్షన్‌లో నిలదీసినందుకైతే చెప్పక్కర్లేదమ్మా. డబ్బు కట్టించుకుని ఇస్తామన్నది ఇవ్వనప్పుడు అడగడం తప్పు కాదు. ఎవరో ఒకరు అడగాలి, మీరడిగారు. 'గీజర్ రిపేరులో ఉందండి, బకెట్‌తో పైకి పంపిస్తాం' అనే మాట నేనూ ఒకసారి విన్నాను. ఆ బకెట్ వచ్చేసరికి నేను చన్నీళ్లతోనే కానిచ్చేశాను. నాకు మీపాటి ధైర్యం లేకపోయింది.

అయితే మీ ఉత్తరంలో మీరు ఒక్క వాక్యంలో దాటేసిన సంగతి ఒకటుంది. 'తెల్లారి అక్కకు ఫోన్ చేస్తే' అని రాశారు. ఆయనతో చెప్పి చేశారా? చెప్పినట్టు ఎక్కడా లేదు. బావగారు వచ్చి గది ముందు నిలబడేదాకా ఆయనకు తెలియదేమోనని నా అనుమానం.

మన వైపు సంగతి మీకు తెలియంది కాదు. అయినవాళ్లున్న ఊరికి వెళ్లి హోటల్‌లో దిగడమంటేనే పెద్ద వార్త. 'మా ఇల్లు ఇరుకైపోయిందా' అని నిష్ఠూరాలు మొదలవుతాయి. అవి వస్తాయని తెలిసి కూడా ఆయన గది తీసుకున్నారు. ఎందుకై ఉంటుంది? అక్కగారింట్లో దిగితే ఆ రెండు రోజులూ మీరు వంటింట్లోనే ఉంటారు. ఆయన హాల్లో కూర్చుని తోడల్లుడి ఉద్యోగం కబుర్లు వింటారు. అలా కాకుండా తన సొమ్ముతో, తన పెళ్లాం పిల్లలకు సముద్రం చూపించాలనుకున్నారు. అదీ ఏ సంవత్సరం? 2025 ఆగస్టులో మన సరుకుల మీద అమెరికా సుంకాలు 50 శాతానికి చేరాక రొయ్య ధర ఎలా ఊగిసలాడిందో మీ ఇంట్లో నాకంటే బాగా తెలుసు. అలాంటి ఏడు పట్టుబడి డబ్బులోంచి రాత్రికి 4,800 తీసిపెట్టారు. ఎవరి దగ్గర చిన్నబోకూడదనుకున్నారో, చివరికి ఆ తోడల్లుడి కారులోనే సంచులు పెట్టుకుని వెళ్లాల్సి వచ్చింది. సముద్రం గురించి ఆ ఎటకారం ఆ తర్వాత తగిలింది.

ఆయన తప్పు లేదనడం లేదు. పిల్లలు చలికి వణుకుతుంటే 'సర్దుకో' అనడం నాకు నచ్చలేదు. కాకపోతే అది మీరంటే లెక్కలేక అన్న మాటలా అనిపించలేదు. చెరువు గట్టు మీద షెడ్డులో మడత మంచం వేసుకుని, తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుందేమోనని, చెరువుకు గాలి అందించే ఏరేటర్ల చప్పుడు వింటూ కునుకు తీసే మనిషికి జనరేటర్ మోత ఒక మోతలా వినిపించదు. మరకల దుప్పటి ఆయన కంటికి ఆనదు. ఆయనకు రెండో చెరువు కూడా ఉంది కదా, ఆ రాత్రి సగం మనసు అక్కడే ఉండి ఉంటుంది. ఇక ఇంగ్లీషు ముక్కలతో మాట్లాడే రిసెప్షన్ కుర్రాళ్ల ముందు, సీడ్ (రొయ్య పిల్లల) దగ్గరా మేత దగ్గరా గీసి గీసి బేరమాడే మగాళ్లు కూడా నోరు మెదపలేకపోవడం నేను చాలాసార్లు చూశాను. మీవారికీ అలాగే జరిగి ఉండొచ్చు.

కాబట్టి క్షమాపణ చెప్పండి, ఆ ఫోన్ వరకే. 'మీకు చెప్పకుండా అక్కకు ఫోన్ చేశాను, అది నా తప్పు' అంటే చాలు. దాని వెనకాల 'కానీ మీరు కూడా' అని తగిలించకండి. గీజర్ ఊసు ఆ పూట వద్దు. పిల్లలు పడుకున్నాక ఇంట్లో చెప్పండి, లేదా చెరువు దగ్గరికి క్యారేజీ మీరే తీసుకెళ్లి అక్కడ చెప్పండి. అత్తగారు వినేలా మాత్రం వద్దు. ఆయన వెంటనే కరిగిపోతారని ఆశ పెట్టుకోకండి. ఊఁ అని ఊరుకోవచ్చు. రెండు రోజులు ఆగి మళ్లీ మామూలుగా పలకరించండి. పిల్లల చేత కబుర్లు పంపడం మాత్రం ఆరోజుతో ఆగాలని గట్టిగా చెప్పండి. పెద్దాడు మీ ఇద్దరి మొహాలూ చూసి మాట్లాడటం అప్పుడే నేర్చేసుకుంటాడు.

అత్తగారి మాట వదిలేయండి. కొడుకు మొహం మాడ్చుకుని వస్తే ఏ తల్లయినా ఏదో ఒకటి అంటుంది.

ఇప్పుడు హోటల్ సంగతి. మీరు పంపిన బిల్లు ఫొటో చూశాను. గది అద్దె మీద 12 శాతం జీఎస్టీ వేశారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న గదులకు 5 శాతమే. అంటే గోడ చూపించడమే కాదు, పన్ను కూడా ఎక్కువ గుంజారు! ఈ బిల్లు మీవారి చేతికివ్వండి. బుకింగ్ ఆయన పేరు మీదే ఉంది కాబట్టి ఫిర్యాదు కూడా ఆయన పేరు మీదే వెళ్తే మంచిది. 'సముద్రం కనిపించే గది' అని చూపించిన పేజీ స్క్రీన్‌షాట్, కిటికీ, దుప్పటి ఫొటోలు, డబ్బు కట్టిన మెసేజ్, అన్నీ ఒకచోట పెట్టుకోండి. ముందు 1915కి ఫోన్ చేయమనండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, విశాఖ తిరగక్కర్లేదు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు కూడా లేదు. రెండేళ్ల గడువుంది. డబ్బు తిరిగి వస్తుందని నేను హామీ ఇవ్వలేను. ఆయన కౌంటర్ దగ్గర మింగేసిన నాలుగు మాటలు ఫోన్‌లోనైనా బయటికి వస్తాయి, పక్కన కూర్చుని కాగితాలు అందించేది మీరే అవుతారు. నాకు ఆ అరగంటే ముఖ్యం.

పండగ విషయానికొస్తే, భోగికి ముందే అక్కతో మాట్లాడండి. ఈసారి ఆయనకు చెప్పే చేయండి ఫోన్. బావగారు సముద్రం మాట ఎత్తకూడదని అక్కకు ఖరాఖండిగా చెప్పండి. ఆ రోజు వచ్చి తీసుకెళ్లినందుకు ఆయనకు థాంక్స్ కూడా చెప్పండి, ఆ మంచితనం అబద్ధమేమీ కాదు. అయినా గోదారి జిల్లా నోరు ఊరుకుంటుందన్న నమ్మకం నాకు లేదు. భోజనాల దగ్గర ఆ ఎటకారం మళ్లీ వస్తే, మీవారు తల దించుకునేలోపే మీరందుకోండి: 'సముద్రం కనపడలేదు బావగారూ, ఆ డబ్బులు ఎలా కక్కించాలో మీ తమ్ముడు చూస్తున్నారు. మీకు ఇంకో అరిసె వెయ్యమంటారా?'